బాండ్‌... ఒక తెగని పంచాయితీ!

అరవై ఏళ్లు దాటాయి. పాతిక సినిమాలొచ్చాయి. ఆరుగురు హీరోలు మారారు. అయినా 'అసలు సిసలు బాండ్‌ ఎవరు?' అన్న గొడవ మాత్రం తేలలేదు. ఆ గొడవే 007ను ఇన్నాళ్లూ బతికించిందంటే నమ్ముతారా!

తాతయ్యను ఒక్కసారి కదిపి చూడండి. 'షాన్‌ కానరీ ఒక్కడేరా బాండ్‌... మిగతావాళ్లంతా వేషగాళ్లు' అంటాడు. నాన్న కాస్త ఆలోచించి రోజర్‌ మూర్‌ దగ్గర ఆగుతాడు. బాబాయిది పియర్స్‌ బ్రాస్నన్‌ పార్టీ. ఇంజినీరింగ్‌ చదివే మనవడు 'డేనియల్‌ క్రెయిగ్‌ని చూశాక పాతవన్నీ కామెడీగా ఉన్నాయి' అని తేల్చేస్తాడు. ఇంతలో నానమ్మ అందుకుంటుంది... 'మన కృష్ణ గూఢచారి 116 ముందు మీ వాళ్లంతా ఎంత?' అని. ఇక అక్కడితో మొదలు. టీవీలో బాండ్‌ పనిచూసుకుంటూనే ఉంటాడు, హాల్లో మాత్రం వాదన ఆగదు.

కొత్త సినిమా వచ్చిందంటే వారం మాట్లాడుకుంటాం. పదిరోజులకి మర్చిపోతాం. బాండ్‌ విషయంలో అలా కాదు. మూడు తరాలవాళ్లు ఒకే పాత్ర గురించి, ఎవరి లెక్క వాళ్లు వేసుకుని కొట్లాడుకోవడం ప్రపంచ సినిమాలోనే అరుదు. ఆ లెక్కలో పెద్ద రహస్యమేమీ లేదు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఎవరు ఏ బాండ్‌ను చూశారో జీవితాంతం వాళ్లకి అతడే బాండ్‌. సికింద్రాబాద్‌లో ఇప్పుడు లేని సంగీత్‌ థియేటర్లో ఇంగ్లిష్‌ సినిమాలు చూసినవాళ్లు ఒక రకం. చిన్న పట్నాల్లో మార్నింగ్‌ షోకి, మాటలు సగమే అర్థమైనా చేజింగులు చూసి చప్పట్లు కొట్టినవాళ్లు ఇంకో రకం. కేబుల్‌ టీవీలో చూసినవాళ్లు మరో రకం. బాండ్‌ అందరికీ ఒక్కడే, కానీ ఎవరి బాండ్‌ వాళ్లదే.

సృష్టించినవాడికే నచ్చలేదు

ఈ పంచాయితీ ఈనాటిది కాదు. మొదటి సినిమాకి ముందే మొదలైంది. మొదలుపెట్టింది కూడా ఎవరో కాదు, బాండ్‌ను పుట్టించిన ఇయాన్‌ ఫ్లెమింగే!

రెండో ప్రపంచయుద్ధకాలంలో ఫ్లెమింగ్‌ బ్రిటిష్‌ నౌకాదళ నిఘా విభాగంలో పనిచేశాడు. యుద్ధం అయ్యాక జమైకాలో ఇల్లు కట్టుకుని దానికి 'గోల్డెన్‌ఐ' అని పేరు పెట్టాడు. అక్కడ కూర్చుని రాసిన తొలి నవల 'కేసినో రాయల్‌' 1953లో అచ్చయింది. హీరోకి ఆర్భాటం లేని, చప్పగా ఉండే పేరు కావాలి. చేతిలో ఉన్న పక్షుల పుస్తకం అట్టమీద చూశాడు. దాన్ని రాసిన అమెరికా పక్షిశాస్త్రవేత్త పేరు జేమ్స్‌ బాండ్‌. అంతే, ఆ పేరు అలాగే తెచ్చి పెట్టేశాడు. పిట్టల గురించి రాసుకునే పెద్దమనిషి పేరు ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధుడైన గూఢచారి పేరైపోయింది.

నిర్మాతలు ఆల్బర్ట్‌ బ్రొకోలీ, హ్యారీ సాల్ట్జ్‌మన్‌ కలిసి 'డాక్టర్‌ నో' సినిమాకి షాన్‌ కానరీని ఎంపిక చేసినప్పుడు ఫ్లెమింగ్‌ పెదవి విరిచాడు. ఆయన మనసులో ఉన్నది డేవిడ్‌ నివెన్‌లాంటి నాజూకు దొర. వచ్చినవాడేమో ఎడిన్‌బరోలో ఇంటింటికీ పాలు పోసి, కండలు పెంచి, మిస్టర్‌ యూనివర్స్‌ పోటీలకు వెళ్లిన కార్మిక కుటుంబం కుర్రాడు. దర్శకుడు టెరెన్స్‌ యంగ్‌ అతణ్ని తన దర్జీ దగ్గరకి తీసుకెళ్లాడు. ఏం తొడుక్కోవాలో, ఎలా నడవాలో, భోజనం బల్ల దగ్గర ఎలా మసలుకోవాలో దగ్గరుండి నేర్పించాడు. 1962 అక్టోబరు 5న లండన్‌లో సినిమా విడుదలైంది. సుమారు పది లక్షల డాలర్లతో తీసిన చిన్న సినిమా. అంతకు ఎన్నో రెట్లు రాబట్టింది.

ఫ్లెమింగ్‌ ఏం చేశాడు? మనసు మార్చుకున్నాడు. ఊరికే మార్చుకోవడం కాదు, స్కాట్లాండ్‌ వాడైన కానరీకి తగ్గట్టు 1964లో వచ్చిన నవలలో బాండ్‌ తండ్రిని స్కాట్లాండ్‌ వాడిని చేసేశాడు. నవలను బట్టి సినిమా తీయడం మామూలే. నటుణ్ని చూసి నవల్లో హీరో పుట్టుపూర్వోత్తరాలు మార్చడం... అదీ కానరీ దెబ్బ.

నాటి ఫ్లాపు, నేటి ఆణిముత్యం

సినిమా బాగుందో లేదో మొదటి ఆట అయ్యేలోపే చెప్పేయాలన్న తొందర ఇప్పుడు ఎక్కువైంది. బాండ్‌ చరిత్ర చూస్తే ఆ తొందర ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

కానరీ విసుగెత్తి వెళ్లిపోయాక 1969లో ఆస్ట్రేలియా మోడల్‌ జార్జి లాజెన్‌బీ వచ్చాడు. అంతకుముందు సినిమాల్లో నటించిన అనుభవం లేదు. ధైర్యం మాత్రం దండిగా ఉంది. కానరీ జుట్టు కత్తిరించే మంగలి దగ్గరకే వెళ్లి క్రాఫు చేయించుకున్నాడు. కానరీ తీసుకెళ్లకుండా వదిలేసిన సూటు కొనుక్కున్నాడు. ఆ వేషంలో నిర్మాతల ముందు నిలబడ్డాడు. 'ఆన్‌ హర్‌ మెజెస్టీస్‌ సీక్రెట్‌ సర్వీస్‌'లో బాండ్‌ పెళ్లి చేసుకుంటాడు. పెళ్లయిన కాసేపటికే భార్య అతడి పక్క సీట్లో తూటాకి బలవుతుంది. సినిమా అక్కడే ఆగిపోతుంది. చివర్లో విజయగర్వంతో నవ్వే బాండ్‌ను చూడ్డానికి వచ్చినవాళ్లకి ఇది మింగుడుపడలేదు. 'కానరీ ఉంటేనా...' అన్నారు. లాజెన్‌బీ కూడా హిప్పీల కాలంలో ఈ సూటు హీరోలకి భవిష్యత్తు లేదన్న మాట నమ్మి, విడుదలకు ముందే ఇక చేయనని చెప్పేశాడు. ఒక్క సినిమాతో చాప చుట్టేసిన బాండ్‌ అతడొక్కడే.

ఇప్పుడు? బాండ్‌ వీరాభిమానుల్లో చాలామంది అత్యుత్తమ చిత్రాల జాబితాలో మొదటి వరసలో పెట్టేది దాన్నే. దర్శకుడు క్రిస్టఫర్‌ నోలన్‌ తనకు అన్నిటికంటే ఇష్టమైన బాండ్‌ సినిమా అదేనని చెప్పాడు. 2021 నాటి 'నో టైమ్‌ టు డై'లో ఆ పాత సినిమా పాటనే మళ్లీ వినిపించారు. ఏభై ఏళ్లకి న్యాయం జరిగిందన్నమాట!

తిమోతీ డాల్టన్‌ది ఇంచుమించు ఇదే కథ. షేక్‌స్పియర్‌ నాటకాల నుంచి వచ్చిన ఆయన 1987లో బాండ్‌ అయ్యేముందు ఫ్లెమింగ్‌ నవలలు శ్రద్ధగా చదివాడు. అందులోని బాండ్‌ చేసే పని మీద అసహ్యం ఉన్నవాడు, అలసిపోయినవాడు. డాల్టన్‌ అలాగే చేశాడు. మూర్‌ నవ్వులకు అలవాటుపడిన జనం 'ఇదేం బాండ్‌ బాబూ, మొహం మాడ్చుకుని ఉంటాడు' అన్నారు. 1989లో వచ్చిన 'లైసెన్స్‌ టు కిల్‌' హింస కారణంగా బ్రిటన్‌లో పదిహేనేళ్లు దాటినవాళ్లకే అనుమతి పొందింది. పిల్లల్ని తీసుకుని వెళ్లే కుటుంబాలు దూరమయ్యాయి. ఆ తర్వాత కోర్టు గొడవలతో ఆరేళ్లు సినిమానే లేదు. తీరా 2006లో క్రెయిగ్‌ కూడా మొహం మాడ్చుకునే వచ్చాడు. ఈసారి అందరూ ఆహా అన్నారు. డాల్టన్‌ చేసిన నేరమల్లా రెండు దశాబ్దాలు ముందు పుట్టడమే.

అటు మొగ్గితే... ఇటు లాగుతారు!

ఇంతకీ ఈ వాదనలు బాండ్‌ను బతికించడమేమిటి? నిర్మాతలు వాటిని విన్నారు కాబట్టి. విన్నారు... కానీ విన్నవన్నీ చేయలేదు. ఆ తేడా ముఖ్యం.

1977లో 'స్టార్‌ వార్స్‌' ప్రపంచాన్ని ఊపేసింది. దాంతో తర్వాతి సినిమా ఏదో ముందే ప్రకటించి కూడా దాన్ని పక్కన పెట్టి బాండ్‌ను అంతరిక్షానికి పంపేశారు. అదే 'మూన్‌రేకర్‌' (1979). డబ్బులొచ్చాయి. కానీ లేజర్‌ తుపాకులతో శూన్యంలో కొట్టుకోవడం చూసి 'మరీ ఇంతా?' అన్నారు అభిమానులు. వెంటనే 1981లో 'ఫర్‌ యువర్‌ ఐస్‌ ఓన్లీ' వచ్చింది. అందులో బాండ్‌ నేలమీదే ఉంటాడు. చివరి పోరాటానికి తాడు పట్టుకుని కొండ ఎక్కుతాడు. సరిగ్గా ఇదే 2002లోనూ జరిగింది. 'డై అనదర్‌ డే'లో కారు కంటికి కనిపించకుండా మాయమైపోయింది. కంప్యూటర్‌ గీసిన కెరటం మీద బాండ్‌ తేలిపోయాడు. వసూళ్లు అదిరాయి. అయినా నిర్మాతలకి తెలిసిపోయింది, ఇక ఈ దారిలో వెళ్తే గోతిలో పడతామని. అదే ఏడాది మాట్‌ డేమన్‌ 'ద బోర్న్‌ ఐడెంటిటీ' వచ్చి, పరికరాలేమీ లేకుండా ఒట్టి చేతులతో కొట్టే గూఢచారిని చూపించింది. బాగా ఆడుతున్న బ్రాస్నన్‌ను పక్కనపెట్టి మొత్తం మొదటికి వచ్చారు. హిట్టు కొట్టిన హీరోను మార్చే సాహసం మన దగ్గర ఏ నిర్మాతైనా చేస్తాడా?

వయసు సంగతి కూడా సరదాగానే ఉంటుంది. 1985లో 'ఎ వ్యూ టు ఎ కిల్‌' వచ్చేనాటికి రోజర్‌ మూర్‌కి 57 ఏళ్లు. 'ముసలి బాండ్‌' అని పత్రికలు ఆడిపోసుకున్నాయి. ఆ తర్వాత తన మీద తానే జోకులేసుకున్నాడాయన. మరి 2025 మే నెలలో 'మిషన్‌ ఇంపాజిబుల్‌: ద ఫైనల్‌ రెకనింగ్‌' వచ్చేనాటికి టామ్‌ క్రూజ్‌కి 62. చిన్న విమానం రెక్క పట్టుకుని వేలాడితే జనం నోరెళ్లబెట్టి చూశారే తప్ప ముసలాడని ఎవరూ అనలేదు. అసలు విశేషం ఏంటంటే, క్రూజ్‌ పుట్టింది 1962 జులైలో. తొలి బాండ్‌ సినిమా కంటే మూడు నెలలు పెద్దవాడు! మూర్‌ పోరాటాలు డూపు చేస్తున్నాడని ప్రేక్షకుడికి ఇట్టే తెలిసిపోయేది. క్రూజ్‌ విషయంలో తనే చేస్తున్నాడని తెలుసు. వయసు కనిపించేది మొహంలో కాదు, నమ్మకంలో. ఆ సినిమా మొదటి గంట మాత్రం పాత భాగాల జ్ఞాపకాలతో సాగదీశారన్న ఫిర్యాదు ప్రపంచమంతా వినిపించింది. అది నిజమే. విమానం ఎక్కేదాకా ఓపిక పట్టాల్సిందే.

ఉదయపూర్‌లో దొరగారు

చిన్నప్పుడు అద్భుతంగా అనిపించిన సినిమాని పెద్దయ్యాక పిల్లలతో కలిసి చూస్తే కొన్నిచోట్ల రిమోట్‌ వెతుక్కోవాల్సి వస్తుంది. పాత బాండ్‌లలో ఈ ఇబ్బంది బాగా ఉంది.

1983లో వచ్చిన 'ఆక్టోపస్సీ'నే తీసుకోండి. ఉదయపూర్‌ సరస్సు మధ్య ప్యాలెస్‌లో, కొండమీది మహల్‌లో తీశారు. మన టెన్నిస్‌ ఆటగాడు విజయ్‌ అమృత్‌రాజ్‌ బాండ్‌కు తోడుగా ఆటో నడుపుతాడు, రాకెట్‌తో దుండగుల్ని బాదుతాడు. కబీర్‌ బేడీ విలన్‌ అనుచరుడు. అప్పట్లో మనవాళ్లు తెరమీద కనిపించారని ఎంత మురిసిపోయామో! ఇప్పుడు చూస్తే... ఆటో వెళ్లే దారిలోనే నిప్పుల మీద నడిచేవాళ్లు, మేకుల పడకలు, కత్తులు మింగేవాళ్లు అందరూ వరసగా ఎదురవుతారు. భారతదేశమంటే ఓ పెద్ద గారడీ ప్రదర్శన. జూదంలో గెలిచిన నోట్లకట్ట మన వాళ్ల చేతిలో పెడుతూ కూర ఖర్చులకి సరిపోతుందన్నట్టు బాండ్‌ ఓ చతురోక్తి విసురుతాడు. దొరగారి హాస్యం!

ఆడవాళ్ల విషయమైతే చెప్పక్కర్లేదు. కానరీ కాలం సినిమాల్లో బాండ్‌ ఆడవాళ్ల మీద చేయి చేసుకుంటాడు, కాదన్నా వినడు. అది మగతనంగా చెలామణి అయింది. ఈ మాట అభిమానుల ఇళ్లలోని ఆడపిల్లలు అడగడం మొదలుపెట్టాక సినిమా కూడా జవాబు చెప్పాల్సివచ్చింది. 1995లో 'గోల్డెన్‌ఐ'తో బాండ్‌ పై అధికారి 'ఎం'గా జూడీ డెంచ్‌ వచ్చి కూర్చుంది. మొదటి సినిమాలోనే ఆడవాళ్లంటే చులకనగల డైనోసార్‌వి నువ్వని బాండ్‌ మొహం మీదే చెప్పేసింది. ముప్ఫై ఏళ్ల ప్రేక్షకుల సణుగుడు ఆమె నోటిలోంచి వచ్చినట్టుంది. 2012లో 'స్కైఫాల్‌' వచ్చేసరికి ఆమే ఆ సినిమాకి గుండెకాయ. వంద కోట్ల డాలర్ల మైలురాయి దాటిన తొలి బాండ్‌ చిత్రం కూడా అదే కావడం కాకతాళీయమేమీ కాదు.

మనవాళ్ల ఇబ్బందులు మనవాళ్లకీ ఉన్నాయి లెండి. 2015లో 'స్పెక్టర్‌' ఇక్కడ విడుదలైనప్పుడు సెన్సారు బోర్డు ముద్దుల నిడివిని సగానికి సగం కోసేసింది. నిట్టనిలువునా మనుషుల్ని చంపేందుకు లైసెన్సు ఉన్నవాడికి ముద్దు పెట్టుకునేందుకు లేకపోయింది. 'సంస్కారీ బాండ్‌' అంటూ దేశమంతా జోకులు పేలాయి.

ఆంధ్రా జేమ్స్‌బాండ్‌

నానమ్మ మాట కూడా వినాలిగా!

కానరీ బాండ్‌గా ఊపుమీదున్న రోజుల్లోనే, 1966 ఆగస్టులో తెలుగులో 'గూఢచారి 116' వచ్చింది. కృష్ణకి హీరోగా అది మూడో సినిమా. 'తేనెమనసులు'లో స్కూటర్‌ మీద ఆయన చేసిన సాహసం చూసే నిర్మాత డూండీ ఈ పాత్రకు పిలిచారని పరిశ్రమలో చెప్పుకొంటారు. జయలలిత కథానాయిక. ఎం.మల్లికార్జునరావు దర్శకుడు. పౌరాణికాలు, జానపదాలు, కుటుంబకథలతో నిండిన తెరమీదకి ప్యాంటూ కోటూ వేసుకుని, తుపాకీ పట్టుకున్న కుర్రాడొచ్చాడు. కుర్రకారు వెర్రెత్తిపోయింది. మరుసటి ఏడాదే ఆ కథ 'ఫర్జ్‌'గా హిందీకి వెళ్లి జితేంద్రను స్టార్‌ని చేసింది. బాండ్‌ను చూసి మనం తీశాం... మనల్ని చూసి బొంబాయివాళ్లు తీశారు.

ఆ తర్వాత కృష్ణ 'జేమ్స్‌బాండ్‌ 777' (1971), 'ఏజెంట్‌ గోపి' (1978), 'రహస్య గూఢచారి' (1981) అంటూ ఆంధ్రా జేమ్స్‌బాండ్‌గానే ముద్ర వేసుకున్నారు. 1983లో చిరంజీవి 'గూఢచారి నెం.1' చేశారు. తెరమీద ఒక ఎత్తయితే అద్దె పుస్తకాల షాపుల్లో మరో ఎత్తు. మధుబాబు సృష్టించిన షాడో కోసం ఎంతమంది విద్యార్థులు పాఠ్యపుస్తకాల మధ్య నవల దాచుకుని చదివారో లెక్కలేదు. 'షాడో గొప్పా, బాండ్‌ గొప్పా' అన్న వాదన హాస్టళ్లలో ఎన్ని రాత్రుళ్లు సాగిందో!

మన గూఢచారులకీ బాండ్‌కీ ఓ ముఖ్యమైన తేడా ఉంది. బాండ్‌ అనాథ. వాడికి ఇల్లు లేదు, వాకిలి లేదు. మనవాడికి అలా కుదరదు. చెల్లెలో, తండ్రి హత్యో, ఓ బంధమో ఉండాల్సిందే. 2018లో అడివి శేష్‌ 'గూఢచారి'తో మళ్లీ ఆ జానర్‌కి ప్రాణం పోసినప్పుడు కూడా కథ తండ్రి చుట్టూనే తిరిగింది. హీరో పేరు గోపి అని పెట్టడం పాత సినిమాకి పెట్టిన నమస్కారం. పరిమితమైన ఖర్చుతో, గట్టి స్క్రిప్టుతో తీసి మెప్పించారు. అందుకు పూర్తిగా వ్యతిరేకం 2023లో వచ్చిన 'ఏజెంట్‌'. భారీగా ఖర్చుపెట్టారు, తిరగబడింది. కథ పూర్తిగా చేతిలో లేకుండా మొదలుపెట్టడం పొరపాటని నిర్మాతే బహిరంగంగా ఒప్పుకొన్నారు. ఇక 2025 ఆగస్టు 14న ఎన్టీఆర్‌ తొలి హిందీ చిత్రంగా 'వార్‌ 2' వచ్చింది. హృతిక్‌ రోషన్‌ ఎదురుగా మనవాడు నిలబడ్డాడన్న ఆనందం ఉన్నా, అదే సంస్థ 2023లో తీసిన 'పఠాన్‌' స్థాయిని అది అందుకోలేకపోయింది. ఈ వరస సినిమాలన్నిటికీ ఒకటే జబ్బు. దేశాలు మారతాయి, కార్లు పేలతాయి. గూఢచారి మాత్రం గూఢంగా ఉండడు. ఎయిర్‌పోర్టులో దిగగానే స్లోమోషన్‌లో నడిచేవాడిని శత్రువు గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు?

అమ్మానాన్నల ఆస్తి... అమెజాన్‌ చేతికి

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. బాండ్‌ గురించి ఎవరేమన్నా, ఆఖరి మాట అరవై ఏళ్లపాటు ఒక కుటుంబానిది. ఆల్బర్ట్‌ బ్రొకోలీ 1996లో కన్నుమూశాక కూతురు బార్బరా, సవతి కొడుకు మైకేల్‌ విల్సన్‌ పగ్గాలు పట్టారు. డబ్బు పెట్టేది స్టూడియో. హీరో ఎవరో, కథ ఏమిటో చెప్పేది మాత్రం వీళ్లు. టీవీ సీరియల్‌ తీద్దాం, విలన్‌ మీద ఓ సినిమా, మిస్‌ మనీపెన్నీ మీద ఓ సినిమా తీద్దాం అంటే కుదరనిచ్చేవాళ్లు కాదు.

ఆ మొండితనం విలువ తెలియాలంటే 2005 అక్టోబరు గుర్తుచేసుకోవాలి. థేమ్స్‌ నదిలో పడవమీద, లైఫ్‌జాకెట్‌ వేసుకుని వచ్చిన డేనియల్‌ క్రెయిగ్‌ను కొత్త బాండ్‌గా పరిచయం చేశారు. మర్నాడు బ్రిటన్‌ పత్రికలు ఉతికి ఆరేశాయి. జుట్టు రంగు బాండ్‌ది కాదన్నారు. ఎత్తు చాలదన్నారు. లైఫ్‌జాకెట్‌ వేసుకున్న బాండ్‌ ఏమిటని ఎగతాళి చేశారు. సినిమాని బహిష్కరించాలని పిలుపులు కూడా వచ్చాయి. ఆరోజు ఓటింగు పెట్టి ఉంటే క్రెయిగ్‌ డిపాజిట్‌ దక్కేది కాదు. బార్బరా బ్రొకోలీ చెక్కుచెదరలేదు. ఏడాది తర్వాత 'కేసినో రాయల్‌' విడుదలైంది. తిట్టినవాళ్లే లేచి నిలబడ్డారు. ఆ పాత్రకి క్రెయిగ్‌ బ్రిటిష్‌ అకాడమీ ఉత్తమ నటుడి నామినేషన్‌ అందుకున్నాడు. సినిమా చూశాక ప్రేక్షకుడు చెప్పే మాట బంగారం. చూడకముందు చెప్పేది ఉత్త అనుమానం. ఆ రెండిటి మధ్య తేడా ఆ కుటుంబానికి బాగా తెలుసు.

అదే మొండితనం 2021లో ఇంకో ఘోరం చేయించింది. కరోనా వల్ల ఏడాదిన్నర ఆలస్యంగా, తెలుగుతోసహా మన భాషల్లోనూ విడుదలైన 'నో టైమ్‌ టు డై'లో బాండ్‌ చచ్చిపోయాడు! క్షిపణులు మీదకి దూసుకొస్తుంటే, కూతురి బొమ్మ నడుముకి కట్టుకుని, భార్యాబిడ్డలాంటి ఇద్దరి కోసం నిలబడి మరీ చచ్చిపోయాడు. థియేటర్లలో కొందరు ఏడ్చారు, కొందరు మండిపడ్డారు. 'బాండ్‌ చావడమేంటి' అన్న కోపంలో న్యాయముంది. ఆనాటికి దాదాపు అరవై ఏళ్లుగా ఆ పాత్ర ఇచ్చిన హామీ ఒక్కటే... ఎలాగైనా బతికొస్తాడని. అయితే లాజెన్‌బీ సినిమాలో భార్య చనిపోయినప్పుడు కూడా ఇలాగే అన్నారు. 2021 నాటి తీర్పు చెల్లుతుందో లేదో తేలాలంటే ఇంకో ఇరవై ఏళ్లు ఆగాలి.

ఈలోగా ఇల్లే చేతులు మారింది. బాండ్‌ సినిమాల్లో సగం వాటా ఉన్న ఎంజీఎం స్టూడియోను అమెజాన్‌ 845 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2022 మార్చిలో ఆ వ్యవహారం పూర్తయింది. కొత్త యజమానికీ పాత కుటుంబానికీ పొసగడంలేదని 2024 చివర్లో అమెరికా పత్రికలు రాశాయి. 2025 ఫిబ్రవరి 20న ప్రకటన వచ్చింది, సృజన నిర్ణయాలన్నీ ఇకపై అమెజాన్‌ ఎంజీఎంవేనని. వాటా ఉంచుకుని విల్సన్‌, బార్బరా పక్కకి తప్పుకొన్నారు. అదేరోజు అమెజాన్‌ వ్యవస్థాపకుడు జెఫ్‌ బెజోస్‌ 'ఎక్స్‌'లో ప్రజల్నే అడిగాడు, తర్వాతి బాండ్‌గా ఎవర్ని ఎంచుకుంటారని. జవాబుల్లో హెన్రీ కావిల్‌ పేరు మార్మోగిపోయింది. 'కేసినో రాయల్‌' కోసం పరీక్షకు వచ్చి, మరీ కుర్రాడివని వెనక్కి పంపించినవాడే ఈ కావిల్‌.

అభిమానులకి బెంగ ఇక్కడే. అమెజాన్‌కి కావాల్సింది నెలనెలా చందా కట్టించే సరుకు. మూడు, నాలుగేళ్లకోసారి వచ్చే సినిమా కోసం ఎదురుచూడటం, ఈలోగా కొట్లాడుకోవడం బాండ్‌ సంప్రదాయం. వారానికో ఎపిసోడ్‌ వస్తే ఎదురుచూపేముంది? పాతకాలం బాండ్‌ ఒకటి, కుర్ర బాండ్‌ ఒకటి, విలన్‌ మనవడి కథ ఒకటి అంటూ కొమ్మలు రెమ్మలు వేస్తే ఏమవుతుందో 'స్టార్‌ వార్స్‌' అభిమానుల్ని అడిగితే చెబుతారు.

ఆశకీ చోటుంది. 2025 మార్చిలో నిర్మాతలుగా 'హ్యారీ పోటర్‌' తీసిన డేవిడ్‌ హేమన్‌నూ, 'స్పైడర్‌మ్యాన్‌' చిత్రాల ఎమీ పాస్కల్‌నూ పెట్టారు. జూన్‌లో దర్శకుడిగా 'డ్యూన్‌' తీసిన డెనీ విల్నూవ్‌ పేరు ప్రకటించారు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని కానరీ 'డాక్టర్‌ నో' దగ్గర్నుంచీ బాండ్‌ సినిమాలు చూస్తూ పెరిగానని ఆయన చెప్పుకొన్నాడు. రచయిత 'పీకీ బ్లైండర్స్‌' సృష్టికర్త స్టీవెన్‌ నైట్‌. ఇవి కంపెనీ కంప్యూటర్‌ లెక్కలేసి తీసిన పేర్లలా లేవు.

నైట్‌ ముందు మొదట కూర్చునే చిక్కు మాత్రం చిన్నది కాదు. హీరో చచ్చిపోయాడు. శవం కూడా మిగల్లేదు. ఆ సినిమా పేర్లన్నీ అయిపోయాక ఆఖర్న, మామూలుగానే, జేమ్స్‌ బాండ్‌ మళ్లీ వస్తాడని వేశారు. ఎలా వస్తాడో చెప్పలేదు. 2006లో ఇలాంటి చిక్కే వస్తే పాత కథలేవీ జరగనట్టు, అప్పుడే 007 అయిన కొత్త బాండ్‌తో మొదలుపెట్టేశారు. పై అధికారిగా మాత్రం జూడీ డెంచ్‌నే ఉంచారు. బాండ్‌ కొత్తవాడైతే పాత ఆఫీసరమ్మ అదే కుర్చీలో ఎలా ఉందని అభిమానులు అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. సినిమావాళ్లు ఇంతవరకు జవాబు చెప్పలేదు.